మానేసినవాళ్ళ లెక్క

హాస్టల్,
ఫిబ్రవరి 9, ఆదివారం.

పూజ్యురాలైన అక్కకు,

చెల్లెలు నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ నేను కులాసా అనీ, అక్కడ మీరంతా కులాసాగా ఉన్నారని తలుస్తున్నాననీ మొదట రాయడం పద్ధతి. పద్ధతి ప్రకారం రాసేశాను. బావకు నమస్కారాలు. చిట్టికి ముద్దులు. పళ్ళు ఊడినచోట నాలుక పెట్టొద్దని చెప్పు, కొత్తవి వంకరగా వస్తాయి.

రోజూ ఫోన్‌లో మాట్లాడుకుంటూ ఈ ఉత్తరం ఏమిటని నవ్వుతావు. పగలంతా నీ ఫోన్ మిల్లు లాకర్లో ఉంటుంది. సాయంత్రం నువ్వు ఎత్తితే పక్కన బావ, చిట్టి, కూర తరుగుతూ పక్కింటి పిన్ని, అందరూ వింటూ ఉంటారు. పైగా నీ గొంతు వినగానే నేను చెప్పాలనుకున్నది నా గొంతులోనే ఉండిపోతుంది. కాగితమైతే నేను చెప్పేది పూర్తయ్యేదాకా నోరెత్తదు.

ముందు నా సంగతులు. "ఎవరెన్నాళ్ళు బతుకుతారో లెక్కగట్టే పేపరు" అని నువ్వు పేరు పెట్టినది రెండుసార్లు నన్ను బోర్లా పడేసింది, నీకు తెలుసు. మూడోసారి కూడా తప్పితే పేరు కొట్టేస్తారు. డిసెంబరులో రెండంటే రెండు మార్కుల తేడాతో గట్టెక్కాను. జనవరిలో ప్రాజెక్టు రిపోర్టు ఇచ్చేశాను. ఏవో బీమా పాలసీల మీద, చెప్తే నీకు నిద్రొస్తుంది. మార్చి ఇరవై ఎనిమిదిన వైవా. ముగ్గురు పెద్దవాళ్ళు బల్లకు అవతల కూర్చుని, మనం రాసినదాని మీద మనల్నే నిలదీస్తారు. అదీ అయిపోతే యాక్చూరియల్ సైన్సులో ఎమ్మెస్సీ చేతికొచ్చినట్టే. ఏప్రిల్ ఆఖరులోగా పట్టా చూపిస్తే కుర్చీ సిద్ధంగా ఉంటుందని బీమా కంపెనీవాళ్ళు ఉత్తరం కూడా రాశారు.

ఈ చదువేమిటో మూడేళ్ళుగా నీకు చెప్తూనే ఉన్నాను. అయినా వీధిలో నువ్వు చెప్పేది మాత్రం, మా చెల్లెలు ఎవరెప్పుడు పోతారో చెప్పే చదువు చదువుతోందనే. పోయినసారి వచ్చినప్పుడు బావ అరచెయ్యి చాపి నా ఆయుష్షు చూడమ్మా అన్నారు. ఒక్కరిది చెప్పలేం బావా, పదివేలమందిని తీసుకురండి, వాళ్ళలో ఏడాదికి ఎందరు పోతారో చెప్తానన్నాను. అయితే నీది జ్యోతిషం కాదమ్మా, కాటికాపరి ఉద్యోగం అన్నారు. అందరం ఎంత నవ్వామో. ఈమధ్య ఆ మాట గుర్తొస్తే నవ్వు రావడంలేదు.

ఇక నీ సంగతి. బుధవారం నువ్వు ఫోన్‌లో చెప్పినప్పుడు నేను బాగుందక్కా అని, గంట కొట్టారు భోజనానికి వెళ్ళాలని పెట్టేశాను. మా హాస్టల్లో గంట లేదు.

మార్చి ఒకటి నుంచి నిన్ను ప్యాకింగు నుంచి అద్దకం షెడ్డుకు సూపర్‌వైజరుగా మారుస్తున్నారన్నావు. పద్నాలుగేళ్ళుగా నిలబడి పెట్టెలు కట్టినదానికి ఇప్పుడు కుర్చీ, చేతికింద పన్నెండుమంది. అద్దకం అంటే ఆడవాళ్ళు ఇదివరకు జంకేవాళ్ళనీ, ఇప్పుడు బోర్డు మీద నోటీసు పెట్టారనీ చెప్పి, ఆ నోటీసు నాకు ఆగి ఆగి చదివి వినిపించావు. యూనివర్సిటీ అధ్యయనం ప్రకారం గత పదిహేనేళ్ళలో మిల్లు మొత్తం మీద అతి తక్కువ మరణాలు నమోదైనది అద్దకం విభాగంలోనే అని. అది మా చెల్లెలు చదివే యూనివర్సిటీయే అని బోర్డు ముందు నిలబడి అందరికీ చెప్పావట. ఆ మాట మీద ప్యాకింగు నుంచి పొడుగామె, పోయినేడు పెళ్ళయిన ఆ కొత్త కోడలు కూడా అద్దకానికి పేర్లిచ్చారట.

అక్కా, నువ్వు వెళ్ళొద్దు.

కారణాలు చెప్తాను. అక్కడ షిఫ్టులు మారుతుంటాయి, చిట్టిని బడికి పంపేవాళ్ళుండరు. బావ వ్యాను తోలి తోలి నడుం పట్టేసిందంటున్నారు, ఇంటిపని ఆయన మీద పడుతుంది. పన్నెండుమందిని అదిలించడం నీకు చేతకాదు, ఎవరైనా కళ్ళనీళ్ళు పెట్టుకుంటే వాళ్ళ పని కూడా నువ్వే చేసేస్తావు. ఆ రంగుపొడి గాలికి లేస్తుంది. నీకు దుమ్ము పడదు.

అమ్మ చేసిన పనేగా అంటావు. అమ్మ చేసిన పనే. తొమ్మిదేళ్ళు చేసింది, నవంబరులో మానేసింది, మార్చిలో పోయింది. నలభై రెండేళ్ళకు. డాక్టరు ఊపిరితిత్తులన్నాడు, అమ్మ నా ఒంటి తత్వం అంది, మనం అమ్మ మాటే నమ్మాం. నువ్వు డిగ్రీ రెండో ఏడు పుస్తకాలు అటక మీద పెట్టి మిల్లుకెళ్ళింది ఆ ఏప్రిల్‌లోనే.

ఈ ఒక్కసారికి ఎందుకని అడక్కుండా నా మాట విను.

నీ మాట ఎప్పుడూ జవదాటని,
చెల్లెలు.


హాస్టల్,
ఫిబ్రవరి 23, ఆదివారం.

అక్కకు నమస్కారాలు.

నా ఉత్తరం చదివి నువ్వు ముందు నవ్వావు. తర్వాత నీ గొంతు మారింది. "నీకు పట్టా ఉంటే నాకు కుర్చీ ఉండకూడదటే?" అన్నావు. ఆ తర్వాత బావ ఫోన్ తీసుకుని మెల్లిగా, మీ అక్క చాలాకాలం నిలబడిందమ్మా, కాస్త కూర్చోనివ్వు అన్నారు. ఫోన్ చేతిలో పట్టుకుని నీళ్ళ ట్యాంకు పక్కన మెట్ల మీద చాలాసేపు కూర్చున్నాను. హాస్టల్ వార్డెను వచ్చి ఎవరైనా పోయారా అని అడిగింది. లేదన్నాను.

నేను చెప్పిన కారణాలన్నీ గడ్డిపరకలే. అసలు కారణం ఇప్పుడు చెప్తాను. బావకు కూడా చదివి వినిపించు.

మీ బోర్డు మీద ఉన్న ఆ అధ్యయనం చేసింది మా క్లాసు అమ్మాయే. ఎమ్మెస్సీ ప్రాజెక్టుగా చేసింది. పైకి యూనివర్సిటీ అధ్యయనం అని పెద్ద పేరుగానీ, ఫ్యాను సరిగ్గా తిరగని ఓ గదిలో, ఎనిమిది కంప్యూటర్లలో ఒకదాని ముందు కూర్చుని ఆ అమ్మాయి ఒక్కతే చేసిన లెక్క అది. మిల్లువాళ్ళు పదిహేనేళ్ళ రిజిస్టరు ఇచ్చారు. పేర్లు లేవు, టికెట్టు నంబర్లు మాత్రమే. పుట్టిన తేదీ, చేరిన తేదీ, వెళ్ళిపోయిన తేదీ, వెళ్ళిపోవడానికి కారణం.

మా లెక్క ఎలా ఉంటుందంటే, మిల్లులో పనిచేస్తూ ఎవరైనా పోతే మరణం కింద రాస్తాం. పని మానేసి వెళ్ళిపోతే, ఆ రోజుతో ఆ మనిషిని లెక్కలోంచి బయటికి పంపేస్తాం, ప్రాణాలతో. ఆ తర్వాత ఆమెకేమయిందో మాకు అక్కర్లేదు. ఇది తప్పు పద్ధతి కాదు, పుస్తకాల్లో ఉన్నదే. మానేసినవాళ్ళు మామూలుగా అందరిలాగే బతుకుతారన్న నమ్మకం మీద నడుస్తుంది.

ఆ లెక్క ప్రకారం అద్దకం షెడ్డులో పదిహేనేళ్ళలో ఇద్దరే పోయారు. మిల్లులో అంతకంటే ఆరోగ్యమైన చోటు లేదు. కానీ ఆ అమ్మాయికి ఒకటి కంటపడింది. నలభై అయిదేళ్ళలోపే పని మానేసినవాళ్ళు ఆ ఒక్క షెడ్డులోనే నలభై ఒక్కమంది. అందరికీ ఎదురుగా ఒకటే మాట, స్వచ్ఛందంగా మానివేత. ఇంటికి ఆధారమైన ఆడవాళ్ళు ఇంతమంది ఎందుకు మానేశారని ఆమెకు అనుమానం వచ్చింది.

గైడు మేడమ్‌కు చెప్పకుండా మీ ఊరు వచ్చింది. మిల్లులో పాతికేళ్ళు టైమ్‌కీపరుగా చేసి రిటైరయిన ముసలాయన సైకిల్ షాపు పైన గదిలో ఉంటాడు, నువ్వెరిగే ఉంటావు. ఆయనకు మనుషుల పేర్లు గుర్తుండవు, నంబర్లు గుర్తుంటాయి. ఈమె నంబరు చెప్తే చాలు, ఏ సందులో ఏ ఇల్లో చెప్పాడు, కొన్నిచోట్లకు కర్ర పట్టుకుని తానే వచ్చాడు. మూడు ఆదివారాలు తిరిగింది. నలభై ఒక్కమందిలో పదకొండుమంది ఆచూకీ దొరకలేదు. పదకొండుమంది బతికే ఉన్నారు. పందొమ్మిదిమంది పోయారు. పని మానేసిన రెండేళ్ళలోపు, అందరూ.

ఒక దర్జీ ఇంటికి వెళ్ళిందట. భార్య సంగతి అడగ్గానే కుట్టుమిషను ఆపకుండానే చెప్పాడట. మెట్లెక్కలేకపోతోందని ఆఫీసువాళ్ళే కాగితం రాయించి సంతకం పెట్టించుకున్నారనీ, మానేసినట్టు రాస్తే డబ్బు త్వరగా వస్తుందన్నారనీ, మూడు నెలలకే పోయిందనీ. ఇంకో ఇంట్లో ముసలి అత్తగారు తలుపు దగ్గరే నిలబెట్టి మాట్లాడిందట. మీ కోడలు పని మానేసిందని రిజిస్టరులో ఉందని ఈ అమ్మాయి చెప్తే, ఆవిడ, "పని మానేసిందనా రాసుకున్నారు? అది ఊపిరి మానేసింది తల్లీ" అందట.

ఈ జాబితా తీసుకుని గైడు మేడమ్ దగ్గరికి వెళ్ళింది. ఆవిడ చెడ్డమనిషి కాదక్కా. ఓపిగ్గా చదివింది. చదివి, రిజిస్టరులో ఉన్నదే మన డేటా, ఇళ్ళకు వెళ్ళి విన్న మాటలు డేటా కాదు అంది. మిల్లువాళ్ళతో చేసుకున్న ఒప్పందంలో ఇళ్ళకు వెళ్ళే అనుమతి లేదనీ, ఇది బయటపడితే మొత్తం ప్రాజెక్టే రద్దవుతుందనీ, కొత్తది మొదలుపెట్టే గడువు లేదనీ చెప్పింది. ఆ అమ్మాయికి అదే ఆఖరి ఏడాది. చివరికి ఆవిడ, నిర్ణయం నీదే, నేను బలవంతం చెయ్యను అంది. అదే ఘోరం. బలవంతం చేసి ఉంటే తప్పు ఆవిడ మీదికి తోసెయ్యడానికైనా ఉండేది.

ఆ అమ్మాయి పందొమ్మిదిమంది కాగితాన్ని సొరుగులో పెట్టి, రిజిస్టరు ప్రకారం పట్టిక వేసి ఇచ్చేసింది. మిల్లువాళ్ళు అందులోంచి ఒక్క వాక్యం తీసి బోర్డు మీద పెట్టారు. అలా పెడతారని ఆమె అనుకోలేదట. అనుకోకపోతే మాత్రం? లెక్క నేర్చుకున్న మనిషికి లెక్క ఎటు పోతుందో తెలియదా? అలాంటి మనిషి చదువు చదువేనా అక్కా? ఆమెను రోజూ చూస్తున్నాను. అన్నం తింటోంది, తల దువ్వుకుంటోంది, వైవాకు తయారవుతోంది.

ఇప్పుడు తెలిసింది కదా. ఒకటో తారీకు ఇంకా ఆరు రోజులు. ఈ ఉత్తరం అందగానే ఆఫీసుకెళ్ళి నాకు ప్యాకింగే చాలని చెప్పు. పొడుగామెకూ ఆ కొత్త కోడలికీ కూడా చెప్పు. నీకు కుర్చీ నేను కొనిస్తాను, ఇంట్లో వేసుకుని కూర్చో. నన్ను తిట్టు, మాట్లాడ్డం మానెయ్యి, ఏమైనా చెయ్యి. ఆ షెడ్డులోకి మాత్రం వెళ్ళకు.

నీ కాళ్ళు పట్టుకుంటూ,
చెల్లెలు.


హాస్టల్,
ఏప్రిల్ 8, మంగళవారం.

అక్కకు,

ఈసారి క్షేమసమాచారాలు రాయలేను.

నా రెండో ఉత్తరాన్ని నువ్వు నవ్వులాటకు తీసుకోలేదు, నాకు తెలుసు. ఒకరోజు పనికి వెళ్ళకుండా ఆలోచించావు. మర్నాడు ఉత్తరం చేత్తో పట్టుకుని ఆఫీసులో పర్సనల్ ఆఫీసరు దగ్గరికే వెళ్ళావు. అంత ధైర్యం నాకు ఈ జన్మలో లేదు. ఆయన నవ్వి, యూనివర్సిటీ ముద్ర ఉన్న రిపోర్టు తీసి నీ ముందు పెట్టి, ఇదీ రుజువు, నీ చేతిలో ఉన్నది ఎవరో పిల్ల చెప్పిందని ఇంకో పిల్ల రాసిన ఉత్తరం, ఇందులో ఆ పిల్ల సంతకం ఎక్కడుంది అన్నాడట. ఆ సాయంత్రం ఫోన్‌లో నువ్వు అన్నమాట ఒక్క అక్షరం పొల్లుపోకుండా నా చెవిలో ఉంది.

"ఆ అమ్మాయిని సంతకం పెట్టమనవే. ఎప్పుడు పెడితే ఆ క్షణమే నేను దిగి వచ్చేస్తా, మిగతావాళ్ళనీ దింపేస్తా. ఊరికే చెప్పుడు మాటల మీద పన్నెండుమందికి నేనేం సమాధానం చెప్పను?"

ఫోన్ పెట్టేముందు, ఆ పిల్లని మరీ అంతలా తిట్టకే, ఎంత భయపడిపోయిందో పాపం అని కూడా అన్నావు.

నేను అడిగి చూస్తానన్నాను. ఆమె ఒప్పుకోలేదని మర్నాడు చెప్పాను. ఒకటో తారీకున నువ్వు షెడ్డులో అడుగుపెట్టావు.

మార్చి ఇరవై ఎనిమిదిన నా వైవా అయింది. గంటంబావు అనుకున్నది ఇరవై నిమిషాల్లో ముగించారు. బయటినుంచి వచ్చిన పరీక్షకుడు పట్టిక చాలా శుభ్రంగా ఉందని మెచ్చుకున్నాడు. నీకు ఫోన్ చేసి పాసయ్యానని చెప్పాను. నువ్వు ఏడ్చావు. మర్నాడు షెడ్డులో అందరికీ మిఠాయి పంచావట. రంగు చేతులతోనే తిన్నారని నవ్వుతూ చెప్పావు.

మొన్న ఆదివారం ఫోన్ చేస్తే చిట్టి ఎత్తింది. నువ్వు బట్టలారేస్తున్నావంది. ఏమిటే విశేషాలంటే, పిన్నీ నీకో తమాషా చెప్పనా, అమ్మ దగ్గితే నీలంగా వస్తుంది, నిన్న ఆకుపచ్చగా కూడా వచ్చింది, రేపు ఏ రంగో చెప్పుకో అంది. దానికది ఆట. వెనక నీ గొంతు వినిపించింది, ఏయ్ అవన్నీ పిన్నికి ఎందుకే అని. తర్వాత నువ్వు ఫోన్ తీసుకుని, మొదట్లో అందరికీ అంతేనట, నాలుగు రోజులుంటే అలవాటవుతుందట అన్నావు. పొడుగామెకు కూడా వస్తోందట, కొత్త కోడలికి ఇంకా రాలేదట. ఆ కొత్త కోడలికి మూడో నెలని కూడా అప్పుడే చెప్పావు.

ఆ అమ్మాయి సంతకం పెట్టింది అక్కా. ఆ కాగితం ఈ ఉత్తరంతో జతచేశాను. ఆ పందొమ్మిదిమంది టికెట్టు నంబర్లు, మానేసిన తేదీలు, పోయిన తేదీలు, ఎవరి ఇంట్లో ఎవరు చెప్పారో అన్నీ ఉన్నాయి. సరిచేసిన పట్టిక కూడా ఉంది. మిగతా విభాగాల్లో ఏడాదికి వెయ్యిమందిలో ముగ్గురు పోయేచోట, అద్దకంలో పదకొండుమంది. ఆచూకీ దొరకని పదకొండుమందీ నిండుగా బతికే ఉన్నారనుకుని వేస్తేనే ఇది. పర్సనల్ ఆఫీసరుకు ఇదే చూపించు. ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరుకు, మీ సంఘం కార్యదర్శికి ఒక్కొక్క ప్రతి రిజిస్టరు పోస్టులో నిన్ననే వెళ్ళింది.

ఇక నువ్వు దిగి రావాలి. మాట ఇచ్చావు.

చెల్లెలు.

తా.క.

కాగితం కింద సంతకం నువ్వు చూసే ఉంటావు. చూసి, పొరపాటున నేను పెట్టానేమో అనుకుంటావు. పొరపాటు కాదక్కా. ఆ అమ్మాయిని నేనే. మా క్లాసులో వేరే ఏ అమ్మాయీ లేదు. బీమా పాలసీల మీద ప్రాజెక్టూ లేదు. మీ బోర్డు మీద ఉన్నది నా లెక్క.

మిల్లువాళ్ళు డేటా ఇస్తారని తెలిసినప్పుడు, అది మన మిల్లని నీకు చెప్పి ఆశ్చర్యపరుద్దామనుకున్నాను. రిజిస్టరు వచ్చాక చెప్పలేకపోయాను. నలభై ఒక్కమందిని చూసి అనుమానం వచ్చిందని రాశాను చూడు, అది తెలివితేటల వల్ల వచ్చిన అనుమానం కాదు. ఒక వరుసలో పుట్టిన తేదీ, చేరిన తేదీ చదువుతుంటే నా వేలు ఆగిపోయింది. టికెట్టు నంబరు నూట అరవై ఏడు. నవంబరు పద్దెనిమిది. స్వచ్ఛందంగా మానివేత. ఆ నవంబరులో అమ్మ మంచం దిగలేక, మిల్లువాళ్ళు ఇంటికి పంపిన కాగితం మీద ఎడమచెయ్యి ఆన్చుకుని సంతకం పెట్టింది. కలం అందించింది నేను. పద్నాలుగేళ్ళు నాకు.

ఆ మూడు ఆదివారాలూ నేను మన ఊళ్ళోనే ఉన్నాను. మన ఇంటికి రెండు వీధుల అవతల తిరిగాను. ఒకసారి చిట్టిని చెయ్యి పట్టుకుని నువ్వు చెప్పుల షాపులోంచి వస్తుంటే చూసి, తేలు కుట్టిన దొంగలా పక్కసందులోకి తప్పుకున్నాను. టైమ్‌కీపరు తాత మొదటిరోజే, నువ్వు నూట అరవై ఏడు కూతురివి కదూ అన్నాడు. కాదన్నాను. ఆయన మళ్ళీ అడగలేదు, కానీ ప్రతి ఇంటి దగ్గరా తాను వెనక్కి ఆగి నన్నే ముందు వెళ్ళమన్నాడు.

గైడు మేడమ్ నిర్ణయం నీదే అన్నప్పుడు నేను ఆలోచించింది ఎంతసేపో తెలుసా? బస్సు దిగి హాస్టల్ దాకా నడిచినంతసేపు. ఈ ఏడు పోతే మళ్ళీ అవకాశం లేదు, అక్క పద్నాలుగేళ్ళ కష్టం బూడిదలో పోసిన పన్నీరవుతుంది అనుకున్నాను. నీకోసమే చేస్తున్నానని నాకు నేనే చెప్పుకున్నాను. అమ్మ వరుసను కూడా అలాగే ఉంచాను. నా పట్టికలో అమ్మ చావలేదక్కా. నవంబరు పద్దెనిమిదిన ప్రాణాలతో లెక్కలోంచి బయటికి నడిచి వెళ్ళిపోయింది.

వైవాలో పరీక్షకుడు ఒక్కటే ప్రశ్న అడిగాడు. మానేసినవాళ్ళ మరణాల రేటు పనిలో ఉన్నవాళ్ళలాంటిదేనని ఏ ఆధారంతో అనుకున్నావు అని. ఆ ప్రశ్న కోసమే మూడు నెలలు భయపడ్డాను, ఆ ప్రశ్న కోసమే ఎదురుచూశాను కూడా. నిజం చెప్పడానికి అంతకంటే మంచి వేళ రాదు. అది ఈ రంగంలో అందరూ అనుకునేదేనండీ అన్నాను. ఆయన తలూపి పేజీ తిప్పేశాడు.

ఆ అమ్మాయి సంతకానికి ఒప్పుకోలేదని నీకు చెప్పిన ఆ వారంలో నిన్ను ఆపగలిగేదాన్ని. ఒక్క సంతకంతో. నేను ఆపలేదు. నువ్వు ఆ పొడి పీల్చిన ప్రతి రోజూ నాకు తెలిసే పీల్చావు.

నిన్న సోమవారం పొద్దున గైడు మేడమ్ గదికి వెళ్ళి, రిపోర్టు వెనక్కి తీసుకుంటున్నానని రాసిచ్చాను. ఆవిడ చదివి కళ్ళజోడు తీసి, "మీ అమ్మ కూడా ఉందని అప్పుడు చెప్పి ఉండాల్సింది" అంది. చెప్పి ఉంటే ఏం చేసేవారని అడిగాను. తెలియదు అంది. తానే లేచి రిజిస్ట్రారు ఆఫీసుకు నా వెంట వచ్చింది. నా పట్టా ఆపేశారు. విచారణ కమిటీ వేస్తారట. అనుమతి లేకుండా ఇళ్ళకు వెళ్ళినందుకు ఒకటి, తెలిసీ తప్పు రిపోర్టు ఇచ్చినందుకు ఒకటి, రెండు నేరాలు. మళ్ళీ ఈ చదువు చదవనిస్తారో లేదో తెలియదు. బీమా కంపెనీవాళ్ళకు రావడం లేదని రాసేశాను. మిల్లువాళ్ళు నా మీద కేసు వేసినా వెయ్యొచ్చు. ఇవన్నీ నాకు జరగవలసినవే. నువ్వు వీటి గురించి బాధపడకు.

శుక్రవారం పొద్దున బస్సుకు వస్తున్నాను. ఇంటికి కాదు, తిన్నగా మిల్లు గేటుకు వస్తాను. షిఫ్టు మొదలయ్యే ముందు నీ పన్నెండుమందిని కాసేపు ఆపు. పొడుగామెను, కొత్త కోడలిని ముందు నిలబెట్టు. ఈ లెక్క వేసింది నేనేననీ, అది తప్పనీ, తప్పని తెలిసే వేశాననీ వాళ్ళ మొహాలు చూసి చెప్తాను. ఆ తర్వాత నిన్నూ వాళ్ళిద్దరినీ ఛాతీ డాక్టరుకు చూపించాలి. అక్కడి పెద్దాసుపత్రిలో శుక్రవారం మధ్యాహ్నానికి మీ ముగ్గురి పేర్లు రాయించాను.

నన్ను ఇంట్లోకి రానిస్తావో రానివ్వవో నీ ఇష్టం. నువ్వు ఎంత తిట్టినా పడతాను, కొట్టినా పడతాను. కానీ రేపు ఈ ఉత్తరం అందగానే షెడ్డులోంచి బయటికి వచ్చెయ్యి. బయట నిలబడి తిట్టు.